గాలి బెజ్జం

మేస్త్రిని పిలవకముందే కాగితం టైపు చేసి ఉంది. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు కూడా వేసి ఉంచారు, కళ్ళు లేనివాడికి గడప చూపించినట్టు.

"చదువుకో," అన్నాడు సార్, కుర్చీలో వెనక్కి వాలి. "అర్థం కాకపోతే నేను చెప్తా."

మేస్త్రి ఏడో తరగతిలో బడి మానేశాడు గానీ అక్షరాలు మానలేదు. కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుని, నిలబడే చదివాడు. నాలుగో నమూనా తల తయారు చేసేటప్పుడు ఉప్పు తూకం తానే తప్పు వేశాడట. అందువల్లే కొలతలు చెడిపోయాయట. ఇకమీదట ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తాడట. తన చేత్తో రాయని మాటలు తన నోట్లో పెట్టి, అడుగున తన పేరు.

"ఉప్పు తూకం తప్పలేదు సార్."

"తూకం తప్పకపోతే లెక్కెందుకు తప్పిందయ్యా?"

"అది లెక్క వేసినవాళ్ళని అడగాలి సార్."

సార్ నవ్వాడు. కోపం వచ్చినప్పుడు ఆయన నవ్వుతాడని ఆ అంతస్తులో అందరికీ తెలుసు. "చూడు మేస్త్రీ. ఇవాళ మంగళవారం. శుక్రవారం ఆసుపత్రివాళ్ళు వస్తున్నారు. మన పద్ధతి రోగుల మీద వాడాలా వద్దా అని ఆ రోజే తేల్చేస్తారు. నువ్విది రాసిచ్చావనుకో, మనిషన్నాక పొరపాటు సహజం అనుకుని వదిలేస్తారు. రాసివ్వలేదనుకో, పొరపాటు పద్ధతిలోనే ఉందంటారు. నాలుగేళ్ళ పని బూడిదలో పోసిన పన్నీరవుతుంది."

"సంతకం పెట్టకపోతే?"

"సోమవారం నుంచి స్టోరులో సీసాలు లెక్కపెట్టుకుందువు గాని."

మేస్త్రి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "తీసుకెళ్ళి చదువుకుంటాను సార్. నాకు కాస్త నిదానం."

తలల గది వరండా చివర ఉంది. కిటికీ పక్క పొడుగాటి బల్ల, బల్ల మీద స్టవ్వు, తూకం మిషను, గుడ్డ జల్లెడలు. గోడవారన అలమారలో మూడు తలలు వరసగా కూర్చుని ఉంటాయి, ముక్కూ చెవులూ లేకుండా, గుండుతో. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటిరోజు వాటిని చూసి జడుసుకుంటారు, రెండో రోజు నుంచి టోపీలు తగిలిస్తారు. నాలుగోది బల్ల మీద ఉంది. దాని నెత్తి చుట్టూ ముప్పైరెండు వెండి బిళ్ళలు, ఒక్కో బిళ్ళకీ ఒక్కో తీగ.

ఆ తల మేస్త్రి చేసిందే. అంతకుముందు చేసినవాటిలో పుర్రెని రెండు చిప్పలుగా పోసి అతికించేవాడు. ఈసారి అతుకే లేకుండా ఒక్క పోతలో తీశాడు. బొమ్మల పనిలో చెయ్యి తిరిగినవాడికి కూడా ఒక్క పోతలో బోలు తల తీయడం మాటలు కాదు. లోపల మెదడుకి బదులు నాచుపొడి ఉడికించి చేసిన గుజ్జు, దాని చుట్టూ పుర్రెకి బదులు ప్లాస్టరు, పైన చర్మానికి బదులు మళ్ళీ గుజ్జు. దేనిలో ఎంత ఉప్పు పడాలో గోడమీద రాసి ఉంది. ఉప్పు పెరిగితే కరెంటు సులువుగా పారుతుంది, తగ్గితే మొరాయిస్తుంది. అందుకే ఆ అంతస్తులో కుర్రకారంతా అతన్ని చాటుగా ఉప్పాయన అంటారు. చాటుగా అన్నామని వాళ్ళ నమ్మకం.

"సంతకం పెట్టారా మేస్త్రిగారూ?" అంది డాక్టరమ్మ, కంప్యూటరు మీంచి తల ఎత్తకుండా. ఆమె ఇంకా డాక్టరు కాలేదు. పరిశోధన పుస్తకం పూర్తి చేసి, పెద్దలు ఒప్పుకుంటే అవుతుంది. అతనే ముందుగా ఆ పేరు పెట్టేశాడు.

"నువ్వు పెట్టమంటావా డాక్టరమ్మా?"

తెర మీద అంకెలు కదులుతున్నాయి. రెండు బిళ్ళల గుండా చీమ కుట్టినంత కరెంటు పంపి, మిగతా బిళ్ళల దగ్గర ఎంత తేలిందో చూస్తారు. తర్వాత కంప్యూటరు అంచనా వేస్తుంది: పుర్రె ఇంత, మెదడు ఇంత, చర్మం ఇంత పారనిస్తే ఈ అంకెలు వస్తాయా? రాకపోతే మళ్ళీ అంచనా. మూర్ఛ రోగికి మూర్ఛ మెదడులో ఏ మూల పుడుతోందో నెత్తి మీంచి కనిపెట్టాలంటే పుర్రె లెక్క సరిగ్గా తెలియాలి. అది తప్పితే మూల తప్పుతుంది, మూల తప్పితే కత్తి తప్పుతుంది. ఈ నాలుగో తలలో పుర్రెకి రావలసినదానికి రెండింతలు వస్తోంది. రెండు వారాలుగా అదే వరస.

"నేను పెట్టమనను," అంది ఆమె చివరికి. "కానీ ఉప్పు కాకపోతే మరేంటో నాకూ తెలీదు."

మేస్త్రి వంగి బల్ల కింది ఫ్రిజ్‌లోంచి రేకు డబ్బా తీశాడు. అందులో చిన్న చిన్న ప్లాస్టిక్ పెట్టెలు, ఒక్కోదాని మీద తారీఖు. ఏ గుజ్జు పోసినా, ఏ ప్లాస్టరు కలిపినా, అందులోంచి ఒక ముక్క తీసి మూత బిగించి దాస్తాడు. బొమ్మల షెడ్డులో అతని మావయ్య నేర్పిన పద్ధతి. బొమ్మ పగిలిన రోజున అడిగేవాడికి చూపించడానికి పనివాడి దగ్గర సాక్షి ముక్క ఉండాలి, నోరుంటే చాలదు.

"ఇవి నాలుగో తలవి. మూడు ముక్కలు. ఇప్పుడే కొలవమ్మా."

"ఇప్పుడే వద్దు, ఫ్రిజ్‌లోంచి తీశారుగా? చల్లగా ఉంటే తక్కువ చూపిస్తుంది. గది వేడికి రానిద్దాం."

రెండు గంటలు ఇద్దరూ ఆ పెట్టెల వంక చూస్తూ కూర్చున్నారు, పొదిగే కోడి పక్కన కూర్చున్నట్టు. తర్వాత ఆమె ఒక్కో ముక్కనీ నాలుగు తీగల తొట్టిలో పెట్టింది. బయటి రెండు తీగలూ కరెంటు పంపుతాయి, లోపలి రెండూ కొలుస్తాయి. మెదడు ముక్క సరిగ్గా వచ్చింది. చర్మం ముక్క సరిగ్గా వచ్చింది. ఉప్పునీళ్ళలో నానిన ప్లాస్టరు ముక్క కూడా గోడమీది అంకెకి వెంట్రుకవాసి తేడాలో ఆగింది.

డాక్టరమ్మ ఆ అంకెలు కాగితం మీద రాసి, కింద తన పేరు రాసి, తారీఖు వేసి అతనికి ఇచ్చింది. అడగకుండానే ఇచ్చింది. అతను దాన్ని మడిచి, సార్ ఇచ్చిన కాగితం ఉన్న జేబులో కాకుండా రెండో జేబులో పెట్టుకున్నాడు.

బుధవారం పొద్దున ఆ అంకెలు చూసి సార్ ముక్కు గోక్కున్నాడు.

"ముక్క బాగుంటే తల బాగున్నట్టేనా? ముక్కకో ఉప్పు, తలకో ఉప్పు వేశావేమో. ఎవడు చూశాడు?"

ఆ మాట మేస్త్రికి చెంప మీద కొట్టినట్టే తగిలింది. తూకం తప్పాడంటే చెయ్యి వణికిందని. ఇది అలా కాదు, బుద్ధే వంకరని. పెద్ద చదువుల ఇళ్ళలో తప్పు ఎప్పుడూ నీళ్ళలాగా పైనుంచి కిందికే పారుతుంది. కరెంటుకి ఆ గుణం లేదు. దారి ఎక్కడుంటే అక్కడికి పోతుంది, ఎవరి కుర్చీ ఎంత ఎత్తో చూడదు. అతను తలల గదికి వచ్చేశాడు.

"డాక్టరమ్మా, కొలతల్లో నాకు చూపించనిది ఏమైనా ఉందా?"

ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. "రెండు బిళ్ళలు తీసేశాం. పంతొమ్మిది, ఇరవై."

"ఎందుకని?"

"మిగతావాటితో కలవడం లేదు. ఆ చుట్టుపక్కల కరెంటు మరీ ఎక్కువ పోతున్నట్టు చూపిస్తున్నాయి. మీరు బిళ్ళలు సరిగ్గా అతికించలేదని సార్ తీసెయ్యమన్నారు."

"బాగుంది. ఉప్పూ నాదే, అతుకూ నాదే. ఇక మీకు మిగిలింది తల ఒక్కటే."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "తీసేసినా లెక్క కుదరలేదు మేస్త్రిగారూ. పెడితే ఇంకా కుదరలేదు. అందుకే గట్టిగా మాట్లాడలేకపోయాను. నా పుస్తకం ఆయన చేతిలో ఉంది."

"నా బువ్వ కూడా ఆయన చేతిలోనే ఉందిలే."

ఆ సాయంత్రం ఇంట్లో భార్య కుట్టుమిషను మీద ఏదో బడివాళ్ళ చొక్కాలకి కాలర్లు వేస్తోంది. కాగితం ఆమె ముందు పెట్టాడు. ఆమె దారం పళ్ళతో తెంపి, చదివి, చొక్కా గుండీల పక్కన పెట్టింది.

"పెట్టేస్తే పోయేదేముంది? ఉప్పేగా."

"చెయ్యని తప్పు చేశాననాలా?"

"ముప్పై ఏళ్ళుగా ఇంట్లో నేను ఒప్పుకోవడం లేదూ? నువ్వు గిన్నెకి పెట్టిన చిల్లు నేనే పెట్టానని మీ అమ్మ దగ్గర ఒప్పుకున్నాను." కాలరు తిప్పి చూసుకుంది. "అయినా నువ్వు పెట్టవులే. ఆమాత్రం తెలుసు నాకు. అయితే ఒకటి విను. చొక్కా బిగుతుగా ఉందని ఎవరైనా తెస్తే నేను సరిగ్గానే కుట్టానని వాదించను. ఎక్కడ పట్టేస్తోందో వేలు పెట్టి చూస్తాను. నువ్వు రెండ్రోజులుగా వాదిస్తున్నావే గానీ వేలు పెట్టి చూశావా?"

"ఉప్పు నాది కాదని తేలిందిగా."

"ఉప్పు నీది కాదని తేలింది. తప్పెవరిదో తేలిందా?"

అతనికి కోపం వచ్చింది. ఆమె చెప్పింది నిజమైనప్పుడల్లా వచ్చే కోపమే. మిషను కింద రాలిన దారప్పోగులు ఏరి బుట్టలో వేసి, కాగితం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

గురువారం పెందలాడే వచ్చి, డాక్టరమ్మ తాళం తీసేదాకా వరండాలో నిలబడ్డాడు. "పంతొమ్మిదీ ఇరవై ఎక్కడున్నాయో చూపించు," అన్నాడు. ఆమె నడినెత్తికి కాస్త వెనగ్గా పక్కపక్కనే ఉన్న రెండు బిళ్ళలు చూపించింది.

"అక్కడ చర్మం అరచేతి మేర లేపుతాను. మళ్ళీ పోసి సాయంత్రానికి ఆరబెట్టే పూచీ నాది."

"రేపు వాళ్ళొస్తారు మేస్త్రిగారూ!"

"అందుకే ఇవాళ లేపుతానంటున్నా."

ఆమె ఒక నిమిషం గోళ్ళు కొరుక్కుంది. తర్వాత తీగలు తనే విప్పింది. సార్ పిలుస్తున్నాడని ఎవరో వచ్చి చెబితే, వెళ్ళలేక వెళ్ళింది.

మేస్త్రి పల్చటి చాకుని వేణ్ణీళ్ళలో ముంచి, గుజ్జు మీద చతురస్రంగా గీత గీశాడు. చాకు మొన ప్లాస్టరుకి తగలగానే ఆగాడు. అంచు కింద రెండు వేళ్ళు దూర్చి, నిద్రపోతున్న పసిపిల్ల ఒంటి మీంచి దుప్పటి తీసినట్టు మెల్లగా లేపాడు. కింద తెల్లటి పుర్రె తడిగా మెరిసింది. నున్నగా ఉంది. ఎక్కడా పగులు లేదు. చేతిపనికి తానే ఒక క్షణం మురిసిపోయాడు.

తర్వాత బొటనవేలితో తడిమాడు. కళ్ళు మూసుకుని తడిమాడు. షెడ్డులో మావయ్య ముందు అలాగే తడమాల్సి వచ్చేది. బిళ్ళల నడుమకి రాగానే వేలి కింద గట్టిదనం కాస్త తగ్గింది. కందిగింజంత చోటు, మెత్తగా.

కళ్ళు తెరవకుండానే అతనికి తెలిసిపోయింది.

బోలు బొమ్మని ఒక్క పోతలో తీస్తే లోపలి గాలికి దారి కావాలి, లేకపోతే బుడగలు చిక్కుకుని బొమ్మ చెడుతుంది. అందుకని నెత్తిన ఒక గాలి బెజ్జం వదులుతారు. అది పని నేర్చిన చెయ్యి తనంతట తాను చేసేసే పని, ఎవరూ చెప్పరు, ఎక్కడా రాయరు. మెదడు గుజ్జు పోసినప్పుడు అది ఆ బెజ్జంలోకి ఎగదన్ని ఉంటుంది. అతను పైన చాకుతో చదును చేసి వదిలేశాడు. బొమ్మకైతే అంతే చాలు, కంటికి ఆనకపోతే బెజ్జం లేనట్టే. పైన రంగు పడుతుంది, జనం చూసి బాగుందంటారు. కానీ ఈ తలని చూసేది కన్ను కాదు. పుర్రె అంతటా మొరాయించిన కరెంటు, కందిగింజంత చోట ఉప్పటి గుజ్జు దొరికేసరికి సందు దొరికిన మేకల మందలా అటే దూరింది.

ఉప్పు తప్పలేదు. తప్పు మాత్రం అతనిదే.

గదిలో ఎవరూ లేరు. అతని జేబులో తీగలు అతికించడానికి ఉంచుకున్న మైనం ముద్ద ఉంది. గుజ్జు గోరుతో గీకి, మైనం మెత్తగా చేసి కూరి, పైన చర్మం పోసేస్తే సరి. సాయంత్రానికి లెక్క కుదిరిపోతుంది. ఎలా కుదిరిందని ఎవరూ అడగరు. కుదిరిన లెక్కని ఎవరూ అడగరు. మైనాన్ని వేళ్ళ మధ్య నలుపుతూ నిలబడ్డాడు. అది వెచ్చబడి, వేలిముద్రలు పడేంత మెత్తబడింది. రెండు రోజులు ఈ అంతస్తంతా వినేలా తన చేతిలో తప్పు లేదన్నాడు. భార్య మాట గుర్తొచ్చింది. మైనం ముద్దని గుండ్రంగా చేసి మళ్ళీ జేబులో వేసుకుని, వరండాలోకి వచ్చి కేకేశాడు.

"డాక్టరమ్మా! ఒకసారి రా. వేలు పెట్టి చూద్దువు గాని."

ఆమె వేలు పెట్టి చూసింది. అతను చెప్పిందంతా విన్నది. అతను తిట్లకి సిద్ధపడి నిలబడ్డాడు. ఆమె తిట్టలేదు. స్టూలు మీద కూలబడి రెండు చేతులతో తల పట్టుకుంది.

"మేస్త్రిగారూ, మరి పంతొమ్మిదీ ఇరవై అబద్ధం చెప్పలేదుగా."

"అంటే?"

"అక్కడేదో ఉందని రెండు వారాలుగా అవి మొత్తుకుంటున్నాయి. మనమే నోరు నొక్కేశాం." లేచి కంప్యూటరు ముందు కూర్చుంది. లెక్కలోని పుర్రెలో, సరిగ్గా ఆ చోట, కందిగింజంత బెజ్జం పెట్టింది. తీసేసిన రెండు బిళ్ళల అంకెలూ తిరిగి కలిపింది. అతను వెనకాల నిలబడి తెరకేసి చూశాడు, ఏమీ అర్థం కాకపోయినా. చాలాసేపటికి అంకెలు కదలడం మానేశాయి. పుర్రె లెక్క వచ్చి గోడమీది అంకె పక్కన కూర్చుంది.

మధ్యాహ్నం సార్ అంతా విని, బాగుందన్నాడు. "ఉప్పు కాకపోతే బెజ్జం. ఎటు తిరిగినా నీ తప్పేగా మేస్త్రీ? కాగితంలో ఒక మాట మారుస్తాను, అంతే. మైనం పెట్టి పూడ్చెయ్. రేపు వాళ్ళ ముందు బెజ్జం మాట ఎత్తద్దు. తలకాయ చిల్లు పడిందంటే నవ్విపోతారు."

"సార్, ఆ బెజ్జమే మన పద్ధతికి..." అంటూ మొదలెట్టింది డాక్టరమ్మ.

"నీ పుస్తకం సంగతి చూసుకో అమ్మా."

మేస్త్రి నాచుపొడి తూచాడు. ఉప్పు తూచాడు, డాక్టరమ్మని పిలిచి మిషను మీది అంకె చూపించి మరీ తూచాడు. బుడగ రాకుండా కలిపాడు, గుడ్డలో వడగట్టాడు, గోరువెచ్చన కాగానే అంచు వెంబడి పోశాడు. సాక్షి ముక్క తీసి మూత బిగించాడు. అన్నీ చేశాడు. బెజ్జంలో మైనం మాత్రం పెట్టలేదు.

శుక్రవారం ఆసుపత్రి నుంచి ముగ్గురు వచ్చారు. అందులో పెద్దావిడ తలలు కోసే డాక్టరు. పొట్టి జుట్టు, అరిగిన చెప్పులు. తలల గదిలోకి రాగానే అలమారలో తలలకి తగిలించిన టోపీలు చూసి నవ్వింది. సార్ తెర మీద బొమ్మలు తిప్పుతూ అరగంట మాట్లాడాడు. ఆవిడ ఒక బొమ్మ దగ్గర చెయ్యెత్తి ఆపింది.

"ఈ రెండు బిళ్ళల దగ్గర ఖాళీగా ఉందేం?"

"అవా మేడమ్? అతుకు సరిగ్గా పడలేదు. మా పనివాడు కాస్త..."

"అతుకు బాగానే పడిందమ్మా." గొంతు గోడవార నుంచి వచ్చింది. మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు. "అక్కడ పుర్రెకి బెజ్జం ఉంది. పోత పోసేటప్పుడు గాలికని నేనే వదిలాను, పూడ్చలేదు. పూడ్చాలని నాకు తట్టలేదు. తప్పు నాదే. ఆ బిళ్ళలది కాదు."

సార్ నవ్వాడు. గదిలో ఇంకెవరూ నవ్వలేదు.

పెద్దావిడ తల దగ్గరికి వచ్చి, మేస్త్రి చూపించిన చోట పై గుజ్జుని వేలితో నొక్కింది. "నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందికి పుర్రెలో బెజ్జాలుంటాయి. కొన్ని నేను పెట్టినవే." డాక్టరమ్మ వైపు తిరిగింది. "ఇక్కడ బెజ్జం ఉందని మీకు ముందు తెలీదా?"

"తెలీదు మేడమ్. బిళ్ళలు చెప్పాయి. మేం వినలేదు." డాక్టరమ్మ సార్ వైపు చూడకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. నిన్నటి లెక్క తెర మీద పెట్టింది. బెజ్జం లేకుండా ఎంత వచ్చిందో, పెట్టాక ఎంత వచ్చిందో, రెండూ పక్కపక్కన. పెద్దావిడ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూసింది.

"ఒకసారి పట్టుకుంటే అదృష్టం అనుకోవచ్చు," అంది చివరికి. "ఇంకో తల చెయ్యండి. బెజ్జం ఎక్కడుందో మీకెవరికీ తెలియకూడదు. మీ లెక్క దాన్ని వెతికి చూపిస్తే అప్పుడు నా రోగుల్ని పంపిస్తాను. తల చేసిన మనిషికి ఒక్కడికే తెలియాలి."

"ఈయన చేతిలోనా మేడమ్?" అన్నాడు సార్. "ఈయన మాట మీద..."

"ఈయన నోరు విప్పకపోతే ఈ బెజ్జం నాకూ తెలిసేది కాదు, మీరూ చెప్పేవారు కాదు." ఆవిడ మేస్త్రి వైపు చూసింది. "ఎన్నాళ్ళు పడుతుంది మేస్త్రిగారూ?"

"ప్లాస్టరు ఉప్పునీళ్ళలో రెండ్రోజులు నానాలమ్మా. తొందరపెడితే అది అబద్ధం చెప్తుంది."

ఆ సాయంత్రమే కొత్త కాగితం వచ్చింది. గాలి బెజ్జం పూడ్చకుండా వదిలినందుకు హెచ్చరిక. మేస్త్రి బల్ల దగ్గర కూర్చుని ప్రతి మాటా చదివాడు. రెండో వరసలో "నిర్లక్ష్యంతో" అని ఉంటే, దాన్ని కొట్టేసి పైన "తెలియక" అని తన చేత్తో రాశాడు. పెన్సిలు గుర్తు వేసిన చోట కాకుండా దాని పక్కన సంతకం పెట్టి పంపించేశాడు.

సోమవారం అతన్ని స్టోరుకి ఎవరూ పంపలేదు. ఎందుకు పంపలేదో కూడా ఎవరూ చెప్పలేదు. తలల గదిలోంచి డాక్టరమ్మని బయటికి పంపి, లోపల గడియ వేసి, ప్లాస్టరు కలిపాడు. పోత పోశాడు. నెత్తిన వదిలిన గాలి బెజ్జాన్ని ఈసారి ప్లాస్టరుతో పూడ్చాడు. బిగిసిన పుర్రెని ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడ పెట్టాలా అని బొటనవేలితో చాలాసేపు వెతికాడు. నెత్తి మీద కాదు. అక్కడైతే ముందు అక్కడే చూస్తారు.

బెజ్జం చేసి, చేతులు కడుక్కుంటుండగా తలుపు మీద ఎవరో కొట్టారు. డాక్టరమ్మ అనుకుని తీశాడు. సార్ నిలబడి ఉన్నాడు, వరండాలో అటూ ఇటూ చూసుకుంటూ.

"మేస్త్రీ, ఏ పక్క పెట్టావ్? నాకు చెప్పచ్చుగా. మనలో మనమాట."

"చెప్పకూడదు సార్."

"మాట వరసకే అడుగుతున్నానయ్యా."

"రాసి, కింద సంతకం పెట్టి దాస్తున్నాను సార్. కొలతలయ్యాక ఆ పెద్దమ్మగారే తీసి చదువుతారు."

తలుపు మెల్లగా వేసి గడియ పెట్టాడు. రాయడానికి బల్ల మీద తెల్లకాగితం ఏదీ కనబడలేదు. చొక్కా జేబు తడుముకుంటే నాలుగు మడతల కాగితం చేతికి తగిలింది, ఉప్పు తూకం తప్పాడని టైపు చేసింది. వెనక వైపు ఖాళీగా ఉంది. దాని మీద బెజ్జం ఎక్కడుందో, ఎంతుందో, ఏ చెవి నుంచి ఎన్ని వేళ్ళ దూరమో విడమరిచి రాశాడు. కింద నిండుగా సంతకం పెట్టాడు. మళ్ళీ అవే నాలుగు మడతలు పెట్టి, జేబులోని మైనం ముద్దతో అతికించి, బొటనవేలు గట్టిగా అదిమి, సాక్షి ముక్కల డబ్బాలో పెట్టి మూత బిగించాడు.